డ్రోన్ కంటే ముందు ఖర్చుల లెక్క

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ అగ్రికల్చర్ చివరి సంవత్సరం చదువుతోంది. రైతులకు కొత్త సాంకేతికత, వ్యాపార మెలకువలు నేర్పే పనిలో స్థిరపడతానని, ముందుగా డ్రోన్ శిక్షణ తీసుకుంటానని అంటోంది. దీనికి భవిష్యత్తు ఉందా? - ఒక తండ్రి

జవాబు: ఉందండీ. ఆమెను వెనక్కి లాగకండి. కానీ డ్రోన్‌తో మొదలుపెట్టవద్దని మాత్రం చెప్పండి. 18 ఏళ్లు నిండి, పదో తరగతి పాసైనవారెవరైనా పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ గుర్తింపు ఉన్న సంస్థలో ఆ శిక్షణ పొందవచ్చు. వ్యవసాయ డిగ్రీ ఉన్న అమ్మాయి చేయగల పని అంతకంటే పెద్దది.

చాలామంది రైతులు నష్టపోతున్నది పండించడం రాక కాదు. ఎకరా ఖర్చు రాసుకునేటప్పుడు ఇంటివాళ్ల కష్టాన్ని, సొంత పొలాన్ని కౌలుకిస్తే వచ్చే డబ్బును, అప్పు మీద వడ్డీని వదిలేస్తారు. అవి కలిపితే తప్ప క్వింటాలుకు ఎంత వస్తే గిట్టుబాటో తేలదు. అది తేలనివారు కళ్లంలోనే అడిగిన ధరకు ఇచ్చేస్తారు. తేలినవారు సరుకు ఆరబెట్టి, గ్రేడింగ్ చేసి, ఆన్‌లైన్ జాతీయ వ్యవసాయ మార్కెట్ ఈ-నామ్‌లో ధరలు చూసుకుని, ఇప్పుడే అమ్మాలా లేక గోదాములో పెట్టి, అక్కడిచ్చే రసీదు మీద బ్యాంకు రుణం తెచ్చుకోవాలా అని ఆలోచించగలరు. ఆ ఆలోచనలో రైతు పక్కన కూర్చునే మనిషి ఇవాళ పల్లెల్లో కరవు. మీ అమ్మాయి ఆ మనిషి కావాలని నా కోరిక.

ఈ పని నేర్చుకునే చోటు రైతులే సభ్యులుగా కలిసి నడుపుకునే రైతు ఉత్పత్తిదారుల సంస్థ, అంటే ఎఫ్‌పీఓ. 10 వేల ఎఫ్‌పీఓల ఏర్పాటుకు కేంద్రం 2020లో పథకం తెచ్చింది. వీటిలో సీఈఓ పోస్టుకు వ్యవసాయ పట్టభద్రులు అర్హులు. జీతం మొదట్లో తక్కువే. అయినా సభ్యుల నుంచి సరుకు సేకరించడం, కొనుగోలుదారుతో బేరం, బ్యాంకు రుణం, పద్దులు అన్నీ ఒక్కచోటే చేతికి వస్తాయి. ఒకటి రెండేళ్లు చేయనివ్వండి.

తర్వాత మేనేజ్‌మెంట్ ప్రవేశ పరీక్ష క్యాట్ రాసి హైదరాబాద్‌లోని జాతీయ వ్యవసాయ విస్తరణ నిర్వహణ సంస్థ మేనేజ్‌లో రెండేళ్ల అగ్రి బిజినెస్ మేనేజ్‌మెంట్ పీజీ డిప్లొమా చేయవచ్చు. జైపూర్‌లోని జాతీయ వ్యవసాయ మార్కెటింగ్ సంస్థ నియామ్ కూడా మంచిదే.

సొంతంగా సేవాకేంద్రం పెట్టాలనుకుంటే వ్యవసాయ పట్టభద్రుల కోసం కేంద్రం నడిపే అగ్రి క్లినిక్ పథకం ఉంది. 45 రోజుల శిక్షణ, వ్యక్తిగతంగా 20 లక్షల రూపాయల వరకు ప్రాజెక్టు, మహిళలకు 44 శాతం సబ్సిడీ దాని నిబంధనలు. చేరే ముందు తాజా ప్రకటన చూసుకోండి. అనుభవం లేకుండా రుణం జోలికి మాత్రం వెళ్లనివ్వకండి.

చివరి ఏడాది విద్యార్థులు పల్లెలో ఉండి వ్యవసాయ పనులు నేర్చుకునే రావె కార్యక్రమం కోసం ఎలాగూ పల్లెలో ఉంటుంది. అక్కడ ఒక రైతు కుటుంబం ఖర్చులు, అమ్మకాలు దుక్కి నుంచి డబ్బు చేతికందేదాకా రాయమనండి. ఎఫ్‌పీఓ ఇంటర్వ్యూకు ఆ పుస్తకాన్నే తీసుకెళ్లమనండి.