మొరాకో కొండల్లో అరబ్బీ ఒక్కటీ వస్తే సరిపోతుందా?

ఉద్యోగానికి మొరాకో వెళ్తున్నాననీ, అట్లాస్ కొండల్లో మాట్లాడే బెర్బర్ ఒకటే భాషా, అరబ్బీ నేర్చుకుంటే చాలదా అనీ అడిగారు. నేను అట్లాస్ పక్కనున్న వార్జాజాత్ ఊళ్లో రెండేళ్లు పనిచేశాను. చాలదండీ.

మా ఇంటి ఓనరు వాళ్లమ్మకు డెబ్బై దాటాయి. ఒకసారి ఆవిడకు తోడుగా ఆసుపత్రికి వెళ్లాను. డాక్టరు అరబ్బీలో అడుగుతున్నాడు, ఫ్రెంచిలో రాసుకుంటున్నాడు. ఆవిడ పొత్తికడుపు పట్టుకుని తషల్‌హిత్ అనే అక్కడి బెర్బర్ భాషలో చెబుతోంది. మధ్యలో పదేళ్ల మనవడు ఇటూ అటూ చెబుతున్నాడు. కొన్ని ప్రశ్నలకు ఆవిడ వాడి ముఖం చూసి నోరు మూసుకుంది. ఆ రోజే నేర్చుకోవడం మొదలుపెట్టాను.

అట్లాస్‌లో ముఖ్యంగా రెండు భాషలు. పడమటి హై అట్లాస్, యాంటీ అట్లాస్, అగాదిర్ పక్కనున్న సూస్ మైదానం తషల్‌హిత్ మాట్లాడే ప్రాంతం. మిడిల్ అట్లాస్, దాన్ని ఆనుకుని ఉన్న తూర్పు హై అట్లాస్‌లో తమజిఘ్త్. దగ్గరి చుట్టాలే, సరిహద్దు గీయలేం, లోయ మారేకొద్దీ మాట మెల్లగా మారుతుంది. వార్జాజాత్‌లో ఆడమనిషిని తమ్‌ఘర్త్ అంటారు, మిడిల్ అట్లాస్‌లో తమెత్తూత్ అంటారు. ఉత్తరాన రీఫ్ కొండల్లో వినిపించే తరిఫిత్ ఇంకొంచెం దూరపు చుట్టం.

మనకు కష్టమయ్యేది ఉచ్చారణ. తెలుగులో దాదాపు ప్రతి మాటా అచ్చుతో ముగుస్తుంది కదా, తషల్‌హిత్‌లో అసలు అచ్చే లేని మాటలు కూడా ఉన్నాయి. వ్యాకరణం మాత్రం తొందరగా పట్టుబడుతుంది. అఫునాస్ అంటే ఎద్దు, ముందూ వెనకా 'త' తగిలిస్తే తఫునాస్త్, ఆవు. నీళ్లను అమాన్ అంటారు. అదెప్పుడూ బహువచనమే, మనం 'నీళ్లు ఉన్నాయి' అన్నట్టే. ఈ సంగతి చెబితే ఆ పెద్దావిడ నా చేయి పట్టుకుని ఎంత నవ్విందో!

ఈ భాషలు రాసే తిఫినాఘ్ లిపిని 2003లో బడుల కోసం ఎంచుకున్నారు, 2011 రాజ్యాంగంలో అమజిఘ్ (బెర్బర్) భాషకు అధికార భాష హోదా ఇచ్చారు. ఇప్పుడు ఆఫీసుల బోర్డుల మీద ఆ అక్షరాలు కనిపిస్తాయి. ఆసుపత్రి గదిలోకి కూడా ఆ భాష రావాలని నా కోరిక.

ఇంకో మాట, ఈ భాషలు మాట్లాడేవాళ్ల దగ్గర 'బెర్బర్' అనకండి. తమను తాము ఇమజిఘెన్ అనుకుంటారు. మీ పోస్టింగ్ ఎక్కడో చెప్పండి. వార్జాజాత్, అగాదిర్ అయితే తషల్‌హిత్, అజ్రూ, ఖెనిఫ్రా అయితే తమజిఘ్త్ మొదలుపెట్టండి.