క్వాంటం గురుత్వం: ఇంటి దగ్గరే చదువుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు రాయగడలో బీఎస్సీ చివరి సంవత్సరం చదువుతున్నారు, దగ్గరలో పెద్ద లైబ్రరీ లేదు. గురుత్వాన్ని క్వాంటం నియమాలతో కలిపే ప్రయత్నమే క్వాంటం గురుత్వం; అందులోని మార్గాలైన స్ట్రింగ్ సిద్ధాంతం, లూప్ క్వాంటం గ్రావిటీ వంటి వాటిని ఖర్చు లేకుండా ఎలా నేర్చుకోవాలని అడిగారు. నేను గుణుపురంవాడిని. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కాలేజీలో ఇంగ్లీషుతో చదువుకుని, ఇదే ప్రశ్నతో చాలా ఏళ్లు తిరిగాను కనుక నా అనుభవం చెబుతాను.

పునాది లేకుండా నేరుగా స్ట్రింగ్ సిద్ధాంతం పుస్తకం పట్టుకోవడం నేను చేసిన తప్పు. జవాబులు చదువుతున్నానే గానీ అసలు చిక్కు ఏమిటో నాకు తెలియదని గ్రహించడానికి ఏడాది పట్టింది. గురుత్వాన్ని మామూలు క్వాంటం క్షేత్ర సిద్ధాంతం పద్ధతిలో లెక్కగడితే అనంత విలువలు వస్తాయి, వాటిని సర్దడానికి మెట్టుమెట్టుకూ కొత్త స్థిరాంకాలు కావలసి వస్తాయి. పదార్థమేదీ లేని శుద్ధ గురుత్వంలో కూడా రెండో లూప్ (మెట్టుమెట్టుగా చేసే లెక్కలో రెండో క్వాంటం సవరణ) దగ్గర ఈ ఇబ్బంది తప్పదని భౌతిక శాస్త్రవేత్తలు గోరాఫ్, సాగ్నోటీ 1980ల మధ్యలో లెక్కకట్టి చూపారు.

క్వాంటం మెకానిక్స్‌కు ఎన్‌పీటెల్‌లో (ఉచిత వీడియో పాఠాల వేదిక) ఐఐటీ మద్రాసు ఆచార్యులు వి. బాలకృష్ణన్ గారి పాఠాలు వినండి. నేను రాత్రి డౌన్‌లోడ్ చేసుకుని, మర్నాడు నౌపడ వెళ్లే రైల్లో నోటుపుస్తకం ఒళ్లో పెట్టుకుని, వీడియో ఆపి, ఆయన బోర్డు మీద రాయబోయే పంక్తిని ముందుగా నేనే రాసి సరిచూసుకునేవాడిని. సాధారణ సాపేక్ష సిద్ధాంతానికి షాన్ క్యారల్ 1997లో ఆర్కైవ్‌లో (arXiv, పరిశోధన వ్యాసాలు ఉచితంగా దొరికే వెబ్‌సైట్) ఉంచిన నోట్స్, క్షేత్ర సిద్ధాంతానికి కేంబ్రిడ్జ్ ఆచార్యులు డేవిడ్ టాంగ్ నోట్స్ ఉచితమే.

ఆ తరువాత ఒక్కొక్క సిద్ధాంతాన్నీ విడివిడిగా పోగుచేయకుండా, అన్నిటినీ ఒకే ప్రశ్న అడగండి. కృష్ణబిలం (బ్లాక్ హోల్) ఎంట్రొపీ, అంటే దాని లోపలి స్థితులు ఎన్ని విధాలుగా ఉండవచ్చో చెప్పే కొలత, ప్లాంక్ ప్రమాణాలలో (ħ, G, c లను ఒకటిగా తీసుకునే కొలతల్లో), దాని దిగంతం (దాటితే వెనక్కి రాలేని సరిహద్దు) వైశాల్యంలో నాలుగో వంతు అని బెకెన్‌స్టైన్, హాకింగ్ 1970లలో తేల్చారు. మరి ఆ ఎంట్రొపీ లెక్కిస్తున్నది వేటిని? కొన్ని ప్రత్యేక కృష్ణబిలాలకు స్ట్రామింజర్, వఫా 1996లో స్ట్రింగ్ సిద్ధాంతంతో ఆ నాలుగో వంతును కచ్చితంగా రాబట్టారు. లూప్ పద్ధతిలో వైశాల్యమే విడివిడి ముక్కలుగా వస్తుంది, ఎంట్రొపీ వైశాల్యానికి అనుపాతంలో ఉంటుంది, కానీ ఆ నాలుగో వంతు రావడానికి ఇమిర్జీ స్థిరాంకం (సిద్ధాంతమే విలువ చెప్పని ఒక సంఖ్య) విలువను దానికి తగ్గట్టుగా ఎంచుకోవాలి. ఈ తేడా అర్థమైన రోజు నాకు రెండు సిద్ధాంతాల ముఖాలూ మొదటిసారి కనిపించాయి. డిగ్రీ స్థాయికి స్ట్రింగ్స్‌పై జ్వీబాక్ పుస్తకం, లూప్స్‌పై గాంబినీ, పుయిన్‌ల చిన్న పుస్తకం సరిపోతాయి.

నాకు ఎక్కువ ఇష్టమైనది క్వాంటం గురుత్వానికి మూడో దారి, కాజల్ సెట్ (causal set, కార్యకారణ సమితి) మార్గం. స్థలకాలం విడివిడి సంఘటనల సమూహమని, ఏది ముందు ఏది వెనుక అన్న వరుసే దాని ఆకృతిని, సంఘటనల సంఖ్యే ఘనపరిమాణాన్ని ఇస్తాయని అది అంటుంది. బెంగళూరు రామన్ పరిశోధన సంస్థకు చెందిన సుమతీ సూర్య 2019లో రాసిన సమీక్షా వ్యాసం ఉచితంగా దొరుకుతుంది. అయితే వీటిలో ఏదీ ఇంతవరకు ప్రయోగంతో రుజువు కాలేదు; ఇదే నిజమని ఎవరైనా గట్టిగా చెబితే నమ్మకండి.

ఈ వారం ħ, G, c విలువలతో √(ħG/c³), అంటే ప్లాంక్ పొడవు, లెక్క చేతితో చేయండి, సుమారు 1.6×10⁻³⁵ మీటర్లు వస్తుంది. క్యారల్ నోట్స్ మూడో అధ్యాయంలో వక్రత దగ్గర నేను రెండుసార్లు ఆగిపోయాను, గోళం ఉపరితలానికి వక్రతను స్వయంగా లెక్కగట్టాకే ముందుకు కదిలాను. మీరూ అక్కడ ఆగితే ఏ పంక్తి దగ్గర ఆగారో రాయండి, కలిసి చూద్దాం.