భయంతో చదివేవాడి కోసం రాయి

తమ్ముడూ,

రెట్రోగ్రేడ్ ఇజాక్యులేషన్ మీద, అంటే వీర్యం బయటికి రాకుండా వెనక్కి మూత్రాశయంలోకి వెళ్లే సమస్య మీద, నువ్వు రాసి పంపిన వ్యాసం ఆసాంతం చదివాను. బాగా కష్టపడ్డావు. కారణాలన్నీ పోగేశావు, మందుల పేర్లు సరిగ్గా రాశావు, అసలు ఎవరూ నోరు విప్పని విషయాన్ని ఎంచుకున్నావు. అందుకు నిన్ను మెచ్చుకోవాలి. కానీ దీన్ని ఇలాగే అచ్చుకి పంపొద్దు. ఎవరి కోసం రాశావో ఆ మనిషి ఇందులో ఎక్కడా కనిపించలేదు.

ఆ మనిషి ఎవరో ఒకసారి ఊహించుకో. ప్రోస్టేట్ ఆపరేషన్ చేయించుకున్న పెద్దాయన కావచ్చు. మూత్రం సాఫీగా రావడానికి ఈమధ్యే ఓ మాత్ర మొదలుపెట్టినవాడు కావచ్చు. ఏళ్ల తరబడి షుగర్ ఉండి, పిల్లల కోసం ఎదురుచూస్తున్న భర్త కావచ్చు. భార్యతో కలిశాడు, అంతా మామూలుగానే జరిగింది, సుఖమూ కలిగింది. వీర్యం మాత్రం రాలేదు. వచ్చినా ఒకటి రెండు చుక్కలే. ఆ తర్వాత మూత్రానికి వెళ్తే అది మబ్బుగా, తెల్లగా కనిపించింది. ఇక నిద్ర పట్టదు. భార్యకు చెప్పలేడు, స్నేహితుడికి అసలే చెప్పలేడు. డాక్టరు దగ్గర కూర్చుంటే మాట పెగలదు. చివరికి ఒంటరిగా కూర్చుని నీ వ్యాసం తెరుస్తాడు. నీ మొదటి వాక్యం ఏమిటి? 'మగవారి పటుత్వాన్ని దెబ్బతీసే ఈ సమస్య...' అని. అక్కడితో అతని గుండె జారిపోతుంది. రెండో పేరా దాకా రాడు.

పైగా ఆ వాక్యం నిజం కూడా కాదు. అంగం గట్టిపడటం ఒకటి, సుఖం పతాకస్థాయికి చేరడం ఇంకొకటి, వీర్యం బయటికి రావడం మరొకటి, పిల్లలు పుట్టడం ఇంకా వేరు. మామూలుగా ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి జరుగుతాయి కాబట్టి అన్నీ ఒకటేనని మనం అనుకుంటాం. ఈ సమస్యలో దెబ్బతినేది మూడోది. దాని వల్ల నాలుగోది కష్టమవుతుంది. మొదటి రెండూ దీనివల్ల పోవు. షుగర్ బాగా ముదిరినవాళ్లలో అంగస్తంభన సమస్య కూడా కనిపించవచ్చు, కానీ అది షుగర్ పెట్టే వేరే ఇబ్బంది. సుఖం కొంత పలచబడినట్టు ఉందని చెప్పేవాళ్లు ఉన్నారు, అదీ దాచకుండా రాయి. నీ వ్యాసంలో మాత్రం ఇవన్నీ ఒకే ముద్దగా కలిసిపోయాయి. ముందు వాటిని విడదీసి రాయి, సగం టెన్షన్ అక్కడే దిగుతుంది.

తర్వాత అతను వెతికే జవాబు 'ఇది ప్రమాదమా?' అన్నది. కాదు. వీర్యం మూత్రాశయంలోకి వెళ్లినంత మాత్రాన ఒంటికి ఏ హానీ లేదు. తర్వాతి మూత్రంతో బయటికి పోతుంది. నీ వ్యాసంలో ఈ ముక్క చివరి నుంచి రెండో పేరాలో ఉంది. దాన్ని తీసుకొచ్చి మొదటి పేరాలో పెట్టు.

ఇక అసలు లోపల ఏం జరుగుతుందో చెప్పిన భాగం. అక్కడ వైద్య పుస్తకం భాష దించేశావు. నేనైతే ఇలా రాస్తాను. స్ఖలనం రెండు దశల్లో జరుగుతుంది. మొదట వృషణాల వైపు నుంచి వచ్చే వీర్యకణాలు, వీర్యకోశాలూ ప్రోస్టేటూ విడుదల చేసే ద్రవాలు అన్నీ కలిసి మూత్రనాళం వెనక భాగంలోకి చేరతాయి. సరిగ్గా అప్పుడే మూత్రాశయం మెడ దగ్గరున్న కండరం గట్టిగా బిగుసుకుంటుంది. వెన్నుపాములో నడుముకు కాస్త పైభాగం నుంచి వచ్చే నరాలు ఆ ఆజ్ఞ ఇస్తాయి. ఆ తర్వాత కటి భాగంలోని కండరాలు వరుసగా ముడుచుకుంటూ వీర్యాన్ని ముందుకు నెడతాయి. వెనక తలుపు మూసి ఉంది కాబట్టి అది బయటికి వస్తుంది. ఆ తలుపు మూసుకోకపోతే, సులువుగా దొరికిన దారిలో వెనక్కి, మూత్రాశయంలోకి వెళ్తుంది. అంతే. ఇంతకు మించి శరీర నిర్మాణం గురించి అతనికి అక్కర్లేదు.

ఇలా రాస్తే కారణాలు వాటంతటవే తేలతాయి. తలుపును ఆపరేషన్‌లో కోసి ఉండవచ్చు, నరాలు దెబ్బతిని ఉండవచ్చు, లేదా మందు ఆ కండరాన్ని వదులు చేసి ఉండవచ్చు. ప్రోస్టేట్‌ను మూత్రనాళం గుండా గీసి తీసే టీయూఆర్‌పీ ఆపరేషన్ తర్వాత సగం కంటే ఎక్కువమందికి ఇలా అవుతుంది, చాలావరకు శాశ్వతంగానే. షుగర్ ఏళ్ల తరబడి అదుపులో లేకపోతే ఆ నరాలు మెల్లమెల్లగా చెడతాయి. వెన్నుపాము గాయాలు, మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు కూడా ఈ కోవలోకే వస్తాయి. వీటిని రెండు వాక్యాల్లో ముగించు. మందుల దగ్గర మాత్రం ఆగి వివరంగా రాయి. నీ పాఠకుల్లో చాలామంది వాటి వల్లే వచ్చి ఉంటారు, వాళ్లకు దారీ అక్కడే ఉంటుంది.

టామ్సులోసిన్, సిలోడోసిన్ అనే మందులు ప్రోస్టేట్ చుట్టూ, మూత్రాశయం మెడ దగ్గర కండరాన్ని వదులు చేస్తాయి. మూత్రం సాఫీగా రావడానికి వాడేదే అందుకు. మందు పనిచేసే తీరు వల్లే ఈ ఇబ్బందీ వస్తుంది, సిలోడోసిన్‌తో మరీ ఎక్కువ. మందు ఆపితే మామూలుగా పోతుంది. మనసు సంబంధ జబ్బులకు ఇచ్చే రిస్పెరిడోన్ లాంటి మందులతోనూ రావచ్చు. ఇక్కడ నువ్వు 'ఆ మందు మానేస్తే సరిపోతుంది' అని తేల్చేశావు. ఆ వాక్యం కొట్టెయ్. నీ మాట నమ్మి ఓ మనిషి రాత్రికి రాత్రి ప్రోస్టేట్ మాత్ర మానేస్తే, మూత్రం పూర్తిగా బిగిసిపోయి ఆసుపత్రికి పరుగెత్తాల్సి రావచ్చు. మనసు జబ్బు మందు మానేస్తే అంతకంటే పెద్ద ప్రమాదం. మందు మార్చమని డాక్టరును అడగవచ్చు, అడిగితే తప్పు లేదు, చాలాసార్లు వేరే మందు ఉంటుంది అని రాయి.

ఇంకో సంగతి. వీర్యం రాలేదు కాబట్టి అది వెనక్కే వెళ్లిందని నిర్ధారించేశావు. ఎప్పుడూ అలా కాదు. టామ్సులోసిన్ వాడే కొందరిలో వీర్యం వెనక్కి వెళ్లడం కాదు, అసలు మొదటి దశలో విడుదలే కావడం లేదని పరీక్షల్లో తేలింది. వీర్యం వచ్చే నాళాల్లో అడ్డు ఉన్నా, హార్మోన్లు తగ్గినా పరిమాణం పడిపోతుంది. మబ్బుగా ఉన్న మూత్రానికి ఇన్ఫెక్షన్ కూడా కారణం కావచ్చు. మంట, జ్వరం, మూత్రంలో రక్తం ఉంటే ఇదేదో వీర్యం సంగతని ఇంట్లో కూర్చోకూడదని ఒక్క వాక్యం తప్పకుండా చేర్చు.

తేల్చే పరీక్ష చాలా తేలిక. దాన్ని నువ్వు ఒక్క మాటలో దాటేశావు. నాకు అదే అన్నిటికంటే బాధనిపించింది. పరీక్ష ఎలా ఉంటుందో తెలియకే సగం మంది వెళ్లరు. అడుగడుగునా చెప్పు. ముందు మూత్రం పూర్తిగా పోసి రావాలి. తర్వాత ఒక గదిలో ఏకాంతంగా హస్తప్రయోగం చేసుకోవాలి. బయటికి వచ్చినది ఎంత కొంచెమైనా ఒక డబ్బాలో పట్టాలి. ఆ వెంటనే మళ్లీ మూత్రం పోసి ఇంకో డబ్బాలో ఇవ్వాలి. ల్యాబ్‌లో ఆ మూత్రాన్ని యంత్రంలో వేగంగా తిప్పి, అడుగున చేరినదాన్ని మైక్రోస్కోప్ కింద చూస్తారు. అక్కడ వీర్యకణాలు బాగా కనిపిస్తే విషయం తేలినట్టే. సూది లేదు, నొప్పి లేదు. సిగ్గు ఉంటుంది, ఉండటం సహజం అని కూడా రాయి.

వీర్యం పరిమాణం గురించి అంకె ఇవ్వాలనుకుంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ వీర్య పరీక్షల మీద 2021లో వెలువరించిన పుస్తకం ఆరో కూర్పులో కింది హద్దు 1.4 మిల్లీలీటర్లు. అంతకు తగ్గితే కారణం వెతుకుతారు, అంతేకానీ పిల్లలు పుట్టరని అర్థం కాదు. ఆ తేడా చెప్పకుండా అంకె ఒక్కటే రాస్తే భయం పెంచినవాళ్లమవుతాం.

చికిత్స భాగాన్ని నువ్వు మందులతో మొదలుపెట్టావు. దానికంటే ముందు, పిల్లలు అక్కర్లేని మనిషికి ఏ చికిత్సా అవసరం లేదని రాయి. డెబ్బై ఏళ్ల పెద్దాయన ఆ ఒక్క వాక్యం చదివి హాయిగా పడుకోగలడు. పిల్లలు కావాలనుకునేవాళ్లకు దారులున్నాయి. మూత్రాశయం మెడను బిగించే సూడోఎఫెడ్రిన్, ఇమిప్రమిన్ లాంటి మందులు కొందరికి పనిచేస్తాయి. నరాలు కొంతైనా మిగిలి ఉన్నవాళ్లకు ఆశ ఎక్కువ. ఆపరేషన్‌లో మూత్రాశయం మెడ కోసుకుపోయినవాళ్లకు ఇవి పెద్దగా ఉపయోగపడవు. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లకు ప్రమాదం. మోతాదు మాత్రం రాయకు. రాస్తే మందుల షాపుకు వెళ్లి కొనుక్కునేవాళ్లు ఉంటారు.

మందులు పనిచేయకపోతే మూత్రం నుంచే వీర్యకణాలు తీస్తారు. మూత్రంలోని ఆమ్లం వాటిని చంపేస్తుంది కాబట్టి ముందుగా సోడియం బైకార్బొనేట్ ఇచ్చి మూత్రాన్ని వాటికి అనువుగా మారుస్తారు. వెంటనే సేకరించి, కడిగి, బాగున్న కణాలను వేరుచేసి గర్భాశయంలోకి పంపుతారు, లేదా ల్యాబ్‌లో అండంతో కలుపుతారు. ఒకే ఒక్క వీర్యకణాన్ని అండంలోకి ఎక్కించే ఇక్సీ పద్ధతితో 1992 నుంచి పిల్లలు పుడుతున్నారు. అందువల్ల కణాలు కొన్నే దొరికినా తలుపులు మూసుకుపోయినట్టు కాదు. ఈ మాట నువ్వు ఎక్కడా రాయలేదు. 'సంతానలేమి' అని రాసి ఊరుకున్నావు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే మాట. నీ వ్యాసం అంతా జరిగిపోయిన తర్వాత మొదలవుతుంది. ఇంకా ఆపరేషన్ కాని మనిషి కోసం కూడా ఒక పేరా రాయి. ప్రోస్టేట్ ఆపరేషన్‌కు సంతకం పెట్టే ముందు, వీర్యం సంగతి ఏమవుతుందని అడిగే హక్కు అతనికి ఉంది. స్ఖలనం దెబ్బతినకుండా చేసే పద్ధతులు కొన్ని వచ్చాయి. అందరికీ సరిపడవు, కానీ అడిగితేనే కదా తెలిసేది. వృషణాల క్యాన్సర్ వచ్చిన కుర్రవాళ్ల సంగతి ఇంకా ముఖ్యం. కడుపు వెనక ఉండే లింఫు గ్రంథులు తీసే ఆపరేషన్‌లో ఆ నరాలు తెగిపోవచ్చు. నరాలను కాపాడుతూ చేసే విధానం ఉంది. ఆపరేషన్‌కు ముందే వీర్యం శీతలీకరించి దాచుకునే వీలూ ఉంది. ఇరవై ఏళ్ల కుర్రవాడికి ప్రాణభయంలో ఆ ఆలోచన రాదు. ఎవరో ఒకరు చెప్పాలి. ఆ చెప్పేవాడివి నువ్వు కావచ్చు.

భార్య గురించి ఒక్క వాక్యమైనా లేదు. ఆయన మీద అనుమానమో, తన మీద తనకే చిన్నచూపో ఆమెకూ కలుగుతుంది. ఈ వ్యాసం ఇద్దరూ కలిసి చదువుకునేలా ఉండాలి. అలాగే ఇది గర్భనిరోధక సాధనం కాదని రాయి. కొంచెం వీర్యమైనా బయటికి రావచ్చు, అంటువ్యాధులకూ అడ్డు పడదు. వీర్యం లోపలే ఉంటే బలమని, స్ఖలన సమయంలో వృషణాల వెనక వేలితో నొక్కి ఆపుకునేవాళ్లు ఉన్నారు. అలా ఆపితే వీర్యం మూత్రాశయంలోకి వెళ్లి మూత్రంలో కలిసి పోతుంది, బలంగా మారదు. ఈ సంగతి ఎగతాళి లేకుండా రాయి. ఎగతాళి చేస్తే ఆ మనిషి మళ్లీ నీ దగ్గరికి రాడు.

ఈ ఉత్తరం అందాక తొందరపడి కూర్చోకు. ఓ యూరాలజిస్టును కలిసి, రోగులు మొదట అడిగే ప్రశ్న ఏమిటో కనుక్కో. ఆ ప్రశ్నతోనే వ్యాసం మొదలుపెట్టు. తిరగరాసింది పంపు, చదువుతాను. మందులు మార్చే పేరా మాత్రం డాక్టరుకు చూపించాకే నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య