సూర్యుడికి దూరమైతేనే చలికాలం వస్తుందా?

భూమి సూర్యుడికి దగ్గరైతే ఎండాకాలం, దూరమైతే చలికాలం అనుకోవచ్చా అని అడిగారు. చాలామంది పిల్లలు ఇలాగే అనుకుంటారు, కానీ అది నిజం కాదు. భూమి సూర్యుడికి అతి దగ్గరగా ఉండేది జనవరి మొదట్లో, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో. ఉత్తరార్ధగోళంలో అప్పుడే చలికాలం! జులైలో ఆ దూరం 15.2 కోట్లు.

అసలు కారణం భూమి అక్షం దాదాపు 23.5 డిగ్రీలు వాలి ఉండటం. సూర్యుడి వైపు వాలిన అర్ధగోళంలో కిరణాలు ఎక్కువ నిటారుగా పడతాయి, పగలు కూడా ఎక్కువసేపు ఉంటుంది. ఏటవాలుగా పడితే అదే వెలుగు ఎక్కువ నేల మీద పరుచుకుని వేడి తగ్గుతుంది. టార్చిలైటును గోడ మీదకు ఒకసారి నేరుగా, ఒకసారి పక్కకు వంచి వేసి చూడండి, ఇట్టే తెలిసిపోతుంది. ఆస్ట్రేలియాలో డిసెంబరు ఎండాకాలం కావడానికీ ఈ వాలే కారణం.