ఎంఆర్2 కంప్యూటర్‌ను బెంగళూరు పంపే ముందు

కర్నూలు

అల్లుడూ,

మీ అత్తా నేనూ బాగున్నాం. నీ టయోటా ఎంఆర్2 కారు సంగతికి వస్తా. ఎండలో అరగంట తిరిగితే ఆగిపోతోందనీ, చల్లారాక ఏమీ ఎరగనట్టు స్టార్టవుతోందనీ, అనంతపురంలో చూసినవాళ్లు ఈసీయూ (ఇంజనును నడిపే కంప్యూటర్ పెట్టె) పోయింది, బెంగళూరు పంపమన్నారనీ రాశావు. అప్పుడే విప్పొద్దు. 1991 నాటిదైనా ఆ పెట్టె అంత సులువుగా చచ్చేది కాదు. కరెంటో, ఎర్తో, సెన్సారు సిగ్నలో అందకపోయినా అది చచ్చినట్టే కనబడుతుంది.

నీ బండికి స్కానరు తగిలించే పదహారు పిన్నుల సాకెట్టు లేదు కాబట్టి లోపాల కోడ్‌లు చదివే స్కానరు పనికిరాదు. ఈ కాలం పిల్లలకు స్కానరు తగలకపోతే చేతులాడవు, ఆపైన ఈసీయూ మీద నెట్టేస్తారు. ఇంజను దగ్గర మూత మీద డయాగ్నోసిస్ అని రాసున్న చిన్న నల్ల డబ్బా చూడు. ఇంజను ఆపి, ఏసీ ఆపి, యాక్సిలరేటర్ మీద కాలు పెట్టకుండా, టీఈ1, ఈ1 అనే రెండు రంధ్రాలను చిన్న వైరుతో కలిపి ఇగ్నిషన్ ఆన్ చెయ్యి. చెక్ ఇంజిన్ లైటు ఆగకుండా ఒకే లయలో మిణుకుతుంటే కోడ్ ఏదీ లేనట్టు. రెండు సార్లు మిణికి, కాస్త ఆగి, మర్లా రెండు సార్లు మిణికితే అది 22, నీళ్ల టెంపరేచర్ సెన్సార్. 12, 13 ఇంజను తిరిగే సిగ్నలుకు, 14 స్పార్కును నడిపే ఇగ్నైటర్‌కు, 31 గాలి మీటరుకు, 41 యాక్సిలరేటర్ ఎంత నొక్కావో చెప్పే థ్రాటిల్ సెన్సారుకు. 51 వస్తే కంగారుపడొద్దు, ఏసీ ఆన్‌లో ఉన్నా పెడల్ నొక్కినా అదే వస్తుంది. అన్నీ కాగితం మీద రాసుకున్నాకే ఈఎఫ్ఐ (పెట్రోలు ఇంజెక్షను) అనే 15 యాంపుల ఫ్యూజు అరనిమిషం పీకి కోడ్‌లు చెరుపు.

ఒకటి మాత్రం తెలుసుకో. వైరు తెగితేనో షార్టయితేనో కోడ్ వస్తుంది, సెన్సారు అబద్ధం చెప్తే రాదు. నీళ్ల సెన్సార్ 20 డిగ్రీల దగ్గర 2 నుంచి 3 కిలో ఓములు, 80 దగ్గర 200 నుంచి 400 ఓములు చూపాలి. వేడెక్కినా వెయ్యి ఓముల మీదే నిలిస్తే ఇంజను ఇంకా చల్లగానే ఉందనుకుని ఈసీయూ పెట్రోలు ఎక్కువ పోస్తుంది. పొగ నల్లగా వస్తుంది, లైటు మాత్రం వెలగదు.

ఇంగ కరెంటు. స్టార్టరు తిప్పేటప్పుడు బ్యాటరీ 9.6 వోల్టుల కిందికి పడకూడదు. ఇంజను నడుస్తుండగా 13.5 నుంచి 14.8 మధ్య ఉండాలి. మల్టీమీటరును ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంటు) వోల్టుల మీద పెట్టి కూడా చూడు, అర వోల్టు దాటితే ఆల్టర్నేటర్ డయోడు పోయినట్టు. ఆ గలీజు కరెంటుకు ఈసీయూ పిచ్చిపట్టినట్టు ప్రవర్తిస్తుంది. డిక్కీ ముందు గోడకున్న కార్పెట్ తీస్తే పెట్టె కనబడుతుంది. బ్యాట్ అనే పిన్నులో ఎప్పుడూ, ప్లస్‌బీ పిన్నులో ఇగ్నిషన్ ఆన్ చేస్తేనూ బ్యాటరీ వోల్టేజీ రావాలి. మీటరు ముల్లును కనెక్టర్ వెనక నుంచి వైరు పక్కగా దింపు. ముందు నుంచి గుచ్చితే పిన్ను వదులై కొత్త తంటా పట్టుకుంటుంది.

ఎర్తును ఓముల్లో చూసి బాగుందనుకోవద్దు. నాలుగు పోగుల వైరులో మూడు తెగినా ఓములు సున్నాయే చూపిస్తాయి. ఇంజను నడుస్తూ, హెడ్‌లైట్లు, ఫ్యాను వేసి ఉండగా, ఒక ముల్లు బ్యాటరీ మైనస్ మీద, ఇంకోటి ఈసీయూ ఈ1 వైరు మీద పెట్టి వోల్టులు చూడు. బ్యాటరీ ముందు బానెట్ కిందుంటే, పెట్టె వెనక కాబట్టి మీటరుకు నాలుగు మీటర్ల వైరు కట్టుకో. 0.1 వోల్టు దాటితే ఇంటేక్ మానిఫోల్డు మీది ఎర్తు బోల్టులు విప్పి, ఎమరీ పేపరుతో గీకి, బిగించు. మన దుమ్ముకు అక్కడ పొర కడుతుంది. డిక్కీలో శెనక్కాయల మూట వేసే అలవాటు నీకుంటే ఎలుకలు వైరు కొరికాయేమో కూడా చూడు.

ఈసీయూ నుంచి థ్రాటిల్ సెన్సారుకు వచ్చే 5 వోల్టులు కూడా చూడాలి. అది లేకపోతే అందరూ ఈసీయూనే తిడతారు. ఆ 5 వోల్టులు తీసుకునే సెన్సార్ల కనెక్టర్లు ఒక్కొక్కటే పీకుతూ పో. ఏది పీకినప్పుడు 5 వోల్టులు తిరిగొస్తే దాంట్లోనే షార్టు.

నీ బండి జబ్బు వేడిది కాబట్టి ఆగిన ఆ నిమిషమే అసలు పరీక్ష. చల్లారనివ్వొద్దు. ఇగ్నిషన్ ఆన్ చేసి తిప్పకుండా చూడు, చెక్ లైటు వెలగకపోతే పెట్టెకు కరెంటు అందడం లేదు, పెట్టెకు కరెంటు కలిపే మెయిన్ రిలేను అనుమానించు. వెలిగితే స్టార్టరు తిప్పుతూ ఇంజను వేగం చూపే టాకోమీటర్ ముల్లు చూడు. అది కదలకపోతే ఇంజను తిరగడాన్ని పసిగట్టే డిస్ట్రిబ్యూటర్ పికప్పో ఇగ్నైటరో పోయినట్టు. ముల్లు కదిలి స్పార్కూ వస్తుంటే డయాగ్నోసిస్ డబ్బాలో ఎఫ్‌పీ, ప్లస్‌బీ కలిపి పెట్రోలు పంపు శబ్దం విను. పంపూ తిరుగుతుంటే ఇంజెక్టర్ కనెక్టరుకు ఎల్ఈడీ టెస్ట్ లైటు పెట్టి పల్సు చూడు. మామూలు బల్బు పెట్టొద్దు, ఎక్కువ కరెంటు లాగుతుంది. ఇంజెక్టర్‌కు నేరుగా 12 వోల్టులూ ఇవ్వొద్దు, నీ ఇంజనువి తక్కువ ఓములవి, కాయిల్ కాలిపోతుంది.

ఇంటి దగ్గర ఇదే జబ్బు తెప్పించాలంటే హెయిర్ డ్రయ్యర్ చాలు. ముందు రిలే, తర్వాత ఇగ్నైటర్, పికప్, చివర ఈసీయూ, ఒక్కొక్కదాన్నే వేడి చెయ్యి. దేని దగ్గర ఇంజను ఆగితే అది. ఆ పెట్టె ఇంజనుకు వెనక డిక్కీలో ఉంటుంది కాబట్టి వేడికి మగ్గుతుంది, సోల్డరు చుట్టూ ఉంగరంలా పగుళ్లు రావచ్చు.

అన్నీ బాగుండి పెట్టె దగ్గరే తేలితే అప్పుడు విప్పు. బ్యాటరీ తీసేశాకే కనెక్టర్లు పీకు. ఆ కాలపు బోర్డుల్లో ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు కారతాయి, చేపల వాసన వస్తుంది, కింది రాగి గీతలు పచ్చబడతాయి. కొత్తవి అదే మైక్రోఫారడ్లు, అంతే వోల్టేజీ లేదా ఎక్కువ, 105 డిగ్రీల వేడి తట్టుకునేవి తెచ్చి, ప్లస్ మైనస్ చూసి వెయ్యి. అంతకుముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, గీతలు తెగలేదని మీటరుతో చూడు. లోపల ట్రాన్సిస్టరు మాడి ఉంటే అది నడిపే ఐడిల్ వాల్వు కాయిల్ షార్టయిందేమో తేల్చుకోకుండా పాతది గానీ కొత్తది గానీ తగిలించొద్దు, మర్లా మాడుతుంది. వేరే పెట్టె కొనాలంటే 89661తో మొదలయ్యే నంబరు చివరి అంకెల దాకా కలవాలి.

కోడ్‌లు, బ్యాటరీ వోల్టులు, ఎర్తు వోల్టు, 5 వోల్టుల రీడింగు రాసి పంపు. గుత్తి దాకా ఎండలో తిప్పి, ఆగిన చోట చెక్ లైటు, టాకోమీటర్ ముల్లు ఏం చేశాయో కూడా రాయి. ఇగ్నైటర్ కొనాలో వద్దో అప్పుడు చెప్తా.

మీ మామ