ఫీజు కట్టాలా, పిల్లల కడుపు నింపాలా?

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్. నేను నాలుగు ఇళ్లలో పని చేస్తాను, మా ఆయన కిరాయి ఆటో నడుపుతాడు. ఇద్దరి సంపాదన కలిపి నెలకు 20 వేలు వస్తే గొప్ప. పాప ఏడో తరగతి, బాబు నాలుగు, ఇద్దరూ ప్రైవేటు స్కూలే. ఫీజు ఏడాదికి 46 వేలు, అందులో సగం మిత్తికి తెచ్చాం. బాబు క్లాసులో నిద్రపోతున్నాడని టీచర్ పిలిచి చెబితే, కోపం ఆగక గరిటెతో కొట్టాను. మర్నాడు వాడి టిఫిన్ బాక్సు మూత కూడా తీయకుండా తిరిగొచ్చింది. రోజూ అన్నం, పచ్చడేనని పక్క పిల్లలు నవ్వుతున్నారట. పాపేమో "నేను బడి మానేసి నీతో పనికొస్తా, తమ్ముణ్ణి చదివిద్దాం" అంటోంది. సర్కారు బడిలో వేద్దామంటే మా ఆయన, అత్త ఒప్పుకోరు. యారాలి పిల్లల ముందు చిన్నతనమట. ఏం చేయను?

జవాబు: చెల్లెమ్మా, నేను మీ పాప మాట దగ్గరే ఆగిపోయాను. పన్నెండేళ్ల పిల్ల అలా అన్నదంటే, రాత్రిళ్లు ఫీజు గురించి, మిత్తి గురించి మీరు గొడవపడేదంతా దుప్పటి కప్పుకుని వింటోందన్నమాట. ఇంకేదీ తేలకముందే, ఈ రాత్రే దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని "నువ్వు బడి మానేది లేదు, డబ్బు సంగతి మేం చూసుకుంటాం" అని చెప్పండి. ఆ మాట మీ ఆయన నోట కూడా రావాలి.

ఇక బాబు. పొద్దున ఏం తిని వెళ్తున్నాడో మీరు రాయలేదు. మీలాగే తెల్లారకముందే పనికి పోయే తల్లుల ఇళ్లలో నేను చూసేది చాయ్, రెండు బిస్కెట్లు. మధ్యాహ్నం బాక్సు తెరవడానికి సిగ్గు. అంటే సాయంత్రం దాకా ఆ బిడ్డ కడుపులో ఏమీ లేదు. పదకొండు గంటలకు నిద్ర రాక ఏమవుతుంది? అది మొద్దుతనం కాదు, ఆకలి. రక్తం తక్కువున్నా ఇలాగే నీరసంగా ఉంటారు. బస్తీ దవాఖానలో ఒకసారి పరీక్ష చేయించండి, నులిపురుగుల మాత్ర వేసి ఎన్నాళ్లయిందో కూడా చెప్పండి. కొట్టినందుకు వాడి దగ్గర కూర్చుని "నీకు ఆకలిగా ఉందని నాకు తెలియలేదు బిడ్డా" అనండి. తల్లి అలా అంటే పిల్లలు ఎంత తేలికపడతారో నేను చూశాను.

ఫీజు లెక్క చూద్దాం. 46 వేలంటే నెలకు 3,800 పైనే, మిత్తి కాకుండా. పిల్లలిద్దరికీ రోజూ చెరో గుడ్డు, ఇంటికి అర లీటరు పాలు తెచ్చినా అందులో సగం కూడా కాదు. ఆ ఫీజు పిల్లల కంచంలోంచే పోతోంది. అందుకే సర్కారు బడి వైపే నా ఓటు.

అక్కడ పుస్తకాలు, యూనిఫాం ఉచితం. 2022-23 నుంచి ఇంగ్లిష్ మీడియం కూడా పెట్టారు. మధ్యాహ్నం వేడి అన్నం, వారంలో మూడు రోజులు గుడ్డు. అందరూ ఒకటే తింటారు కాబట్టి బాక్సు దాచుకునే బాధ ఉండదు. అన్ని బళ్లూ ఒకేలా ఉండవు, అది నిజమే. అందుకే మీ ఆయన్ని ఒక రోజు భోజనం వేళకు వెంటబెట్టుకుని వెళ్లండి. టీచర్లు ఎంతమంది ఉన్నారు, ఆడపిల్లల బాత్రూంలో నీళ్లు వస్తున్నాయా, అన్నం ఎలా ఉంది, అన్నీ ఆయన కళ్లతో చూడనివ్వండి. మీరు పదిసార్లు చెప్పేకన్నా అది నయం. అత్తకు మాత్రం జవాబు చెప్పాల్సింది ఆయనే. మీ ఒక్కరి మీదే పడనీయకండి.

బాకీ ఉందని పాత స్కూలు టీసీ ఇవ్వకపోతే భయపడకండి. టీసీ రాలేదన్న సాకుతో సర్కారు బడి పిల్లల్ని చేర్చుకోకుండా ఆపకూడదని 2009 విద్యాహక్కు చట్టమే చెబుతోంది. బాకీని కొంచెం కొంచెంగా తీరుస్తామని స్కూలుకు చెప్పండి.

పొద్దున తిండి మాత్రం మీ చేతుల్లోనే ఉంది. రాత్రి అన్నంలో కాస్త పాలు, తోడు వేసి పెడితే తెల్లారేసరికి పెరుగన్నం రెడీ, పొయ్యి వెలిగించే పని లేదు. మన పాలమూరులో పల్లీలకు కరువేముంది? గుప్పెడు ఉడకబెట్టి పక్కన పెట్టండి. సాయంత్రం పది రూపాయల చిప్స్ ప్యాకెట్ బదులు శనగ గుడాలు చేయండి. జొన్నరొట్టె మంచిదే గానీ, జొన్నలు ఇప్పుడు ప్రియం. దాని కోసం అప్పు చేయొద్దు. రేషన్ కార్డులో పిల్లల పేర్లు ఎక్కాయా? 2025 ఏప్రిల్ నుంచి మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం ఉచితం. ఇద్దరి పేర్లు లేకపోతే నెలకు 12 కిలోలు పోగొట్టుకుంటున్నట్టే.

నాలుగో తరగతి అయ్యాక ఐదులో చేరడానికి గురుకులం ఎంట్రన్స్ ఉంటుంది, రాయించొచ్చు. కానీ వాడు హాస్టల్లో ఉండగలడా అని వాణ్ణే అడగండి. ఇప్పుడే కొట్టిన దెబ్బ మీద ఇంటికి దూరం పంపితే, తనను వదిలించుకున్నారని అనుకుంటాడు. ముందు ఒక ఏడాది మీ దగ్గరే కడుపునిండా తిననివ్వండి.