కొత్త టెక్నాలజీని డిస్కంలోకి తెచ్చే ముందు: మేనకోడలికి ఒక లేఖ

చి. అమ్మాయికి, మామయ్య ఆశీస్సులు.

నిన్ను సర్కిల్ నుంచి కార్పొరేట్ ఆఫీసుకు, అందులోనూ కొత్త టెక్నాలజీల ప్రతిపాదనలను పరిశీలించే విభాగానికి మార్చారని తెలిసి చాలా సంతోషించాను. వారానికొక కంపెనీ వచ్చి ప్రజెంటేషన్ ఇచ్చి వెళ్తోందనీ, వాటిలో ఏది తీసుకోవాలో, దేనికి ఆగాలో తేల్చుకోవడం కష్టంగా ఉందనీ రాశావు. విద్యుత్ బోర్డు ఉన్న రోజుల్లో ఉద్యోగంలో చేరి, 1999లో అది జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విడిపోవడాన్నీ, మరుసటి ఏడాది ఇళ్లకూ పొలాలకూ కరెంటు పంపిణీ చేసే డిస్కంలు ఏర్పడటాన్నీ చూసి, ఆ తర్వాత కూడా చాలాకాలం లైన్ల మీద పనిచేసినవాడిగా నాకు గట్టిగా అనిపించే మాట ఒకటి చెప్తాను. పరికరం పనిచేస్తుందా అన్న ప్రశ్నకు ల్యాబ్ రిపోర్టు జవాబు చెప్తుంది. అది పనిచేయడానికి దాని చుట్టూ ఏమేమి ఉండాలి, అవి మన దగ్గర ఉన్నాయా అన్నదానికి మాత్రం నువ్వే జవాబు వెతకాలి.

నాగార్జునసాగర్ ప్రధాన విద్యుత్ కేంద్రాన్ని చూడు. అక్కడి ఎనిమిది యూనిట్లలో ఏడు, ఒక్కొక్కటి 100.8 మెగావాట్ల సామర్థ్యం గల రివర్సిబుల్ యూనిట్లు. డిమాండ్ ఎక్కువగా ఉన్నప్పుడు నీటిని కిందికి వదిలి కరెంటు తీయాలి, డిమాండ్ తగ్గినప్పుడు అదే నీటిని తిరిగి పైకి తోడాలి. బ్యాటరీల మాట వినిపించని ఆ కాలానికి అది ఎంతో ముందుచూపున్న నిర్ణయం. అయితే తోడాలంటే కింద నీళ్లు నిలవాలి కదా! ఆ నీటిని ఆపే టెయిల్‌పాండ్ ఆనకట్ట దశాబ్దాల పాటు పూర్తి కాలేదు. అన్నాళ్లూ ఆ యూనిట్లు మామూలు జలవిద్యుత్ యంత్రాల్లాగే నడిచాయి. యంత్రాల్లో ఏ లోపమూ లేకపోయినా, వాటికి తోడుగా ఉండాల్సిన నిర్మాణం లేక, పెట్టిన డబ్బుకు రావాల్సిన ప్రయోజనంలో పెద్ద భాగం అందలేదు. నీ బల్లమీదికి వచ్చే ప్రతి ప్రతిపాదనలోనూ, దీనికి టెయిల్‌పాండ్ ఏది అని మొదట వెతుకు.

ఆ లేనిది కొన్నిసార్లు మనిషికి దక్కాల్సిన ప్రయోజనం కావచ్చు. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్ మొదలయ్యాక, దాంతోపాటు రైతులను నాలుగు పనులు చేసుకోమన్నారు: ఐఎస్‌ఐ మోటారు, ఘర్షణ తక్కువగా ఉండే ఫుట్‌వాల్వు, హెచ్‌డీపీఈ లేదా ఆర్‌పీవీసీ పైపులు, కెపాసిటర్. ఇందులో కెపాసిటర్ సాంకేతికంగా నూటికి నూరుపాళ్లు సరైనది. లాగే కరెంటులో అసలు పనికి వచ్చే భాగం ఎంతో చెప్పే పవర్ ఫ్యాక్టర్‌ను అది పెంచుతుంది. పవర్ ఫ్యాక్టర్ పెరిగితే లైనులో కరెంటు తగ్గుతుంది, నష్టం ఆ కరెంటు వర్గాన్ని (స్క్వేర్‌ను) బట్టి ఉంటుంది కాబట్టి అదీ తగ్గుతుంది, ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి బయలుదేరే లైను) చివర వోల్టేజీ నిలబడుతుంది. కానీ ఆ లాభం ఎవరికి? ప్రధానంగా లైనుకూ, డిస్కంకూ. యూనిట్‌కు ధర కట్టని రైతుకు తన బావి దగ్గర కంటికి కనిపించే తేడా చాలా తక్కువ. పొలాల్లో స్టార్టర్ డబ్బా తెరిచి చూస్తే కెపాసిటర్ వైరు ఊడదీసి పక్కకు వంచి ఉండటం, లేదా కాలిపోయిన కెపాసిటర్ అలాగే మిగిలి ఉండటం నేను మామూలుగా చూసిన దృశ్యమే. కొని, బిగించి, పాడైతే మార్చాల్సినవాడు ఒకరు, లాభం పొందేవాడు మరొకరు అయినప్పుడు ఎంత మంచి పరికరమైనా ఎక్కువ కాలం నిలవదు.

దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ ఎల్‌ఈడీ బల్బు. విద్యుత్ పొదుపు కోసం ఏర్పడిన ప్రభుత్వరంగ సంస్థ ఈఈఎస్‌ఎల్ టెండర్లలో 2014 ప్రాంతంలో 310 రూపాయలున్న బల్బు కొద్ది ఏళ్లలోనే 38 రూపాయలకు దిగింది. ధర ఒక్కటే దాన్ని గెలిపించలేదు. పాత హోల్డరే సరిపోయింది, ఎవరికీ శిక్షణ అవసరం లేకపోయింది, మార్చినవారి బిల్లే తగ్గింది. చుట్టూ కొత్తగా ఏమీ అక్కర్లేని టెక్నాలజీ నీ ముందుకు వస్తే కమిటీల పేరుతో ఆలస్యం చేయకు.

ఇక ఇప్పుడు అందరి దృష్టీ ఉన్న స్మార్ట్ మీటర్ల సంగతి. డిస్కంల పంపిణీ వ్యవస్థను మెరుగుపరచడానికి 2021లో కేంద్రం ఆమోదించిన ఆర్‌డీఎస్‌ఎస్ పథకం దేశవ్యాప్తంగా 25 కోట్ల ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్లు పెట్టాలని లక్ష్యంగా పెట్టుకుంది. నేను వీటికి అనుకూలుడిని. రీడింగు కోసం గుమ్మాలెక్కి దిగే పని తప్పుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడు ఎప్పుడెంత ఉందో తెలుస్తుంది. అయితే మీటరు గోడకు బిగించడంతో పని మొదలవుతుందే తప్ప పూర్తి కాదు. అపార్ట్‌మెంటు సెల్లార్‌లో ఇనుప పెట్టెలో వరసగా బిగించిన మీటర్లకు సిగ్నల్ అందుతుందా? రెండు కొండల మధ్య ఉన్న తండాలో అందుతుందా? సెల్ నెట్‌వర్క్ మీద ఆధారపడితే, ఆ నెట్‌వర్క్ తరం మారినప్పుడు లోపలి మోడెమ్ మార్చే ఖర్చు ఎవరిది? వీటికి జవాబు టెండరు పత్రంలోనే ఉండాలి.

నెట్‌వర్క్ కంటే కూడా నన్ను కలవరపెట్టేది కన్స్యూమర్ ఇండెక్సింగ్. ఏ సర్వీసు ఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉందో రికార్డులో సరిగా లేకపోతే, స్మార్ట్ మీటరు పంపే లెక్క ఎంత కచ్చితమైనదైనా పనికిరాదు. ఎనర్జీ ఆడిట్ షీటులో ఒక ట్రాన్స్‌ఫార్మర్ తనకు అందినదానికన్నా ఎక్కువ యూనిట్లు అమ్మినట్టు, అంటే నష్టం మైనస్‌లో ఉన్నట్టు కనిపిస్తే ఆశ్చర్యపోకు. రాత్రి ఫ్యూజు పోయినప్పుడో, ఒక ఫేజు మీద లోడు ఎక్కువైనప్పుడో లైన్‌మన్ నాలుగు సర్వీసులను పక్క ట్రాన్స్‌ఫార్మర్ మీదికి మార్చి ఉంటాడు. జనం చీకట్లో ఉండకూడదని చేసిన పని అది, తప్పు పట్టలేం. కానీ ఆ మార్పు కంప్యూటర్ దాకా చేరే దారి మనం వేయలేదు. మీటర్లకు పెట్టే ఖర్చుతో పోలిస్తే ఆ దారి వేయడానికి అయ్యేది చాలా స్వల్పం, అయినా దాన్ని ప్రతిపాదనలో రాసేవారు అరుదు. నువ్వు రాయి. వినియోగదారుడి నమ్మకం సంగతీ అంతే. మీటరు వేగంగా తిరుగుతోందన్న అనుమానం ఎక్కడ వస్తే అక్కడ పక్కనే చెక్ మీటరు పెట్టి, రెండు రీడింగులనూ ఆ ఇంటివారి చేతే చదివించాలి.

ప్రయోగాత్మకంగా పెట్టి చూసేటప్పుడు సర్కిల్ ఆఫీసు పక్కనున్న పట్టణ ఫీడర్‌ను ఎంచుకోవడం మనవాళ్లకు అలవాటు. అక్కడ ఏదైనా బాగానే పనిచేస్తుంది. చెట్లున్న చోట, మోటార్లు ఎక్కువగా ఉన్న చోట, సబ్‌స్టేషన్‌కు దూరంగా ఉన్న ఫీడర్‌ను తీసుకో. దానిలాంటి మరో ఫీడర్‌ను ఏమీ మార్చకుండా పోలికకు ఉంచు. పరికరం పెట్టకముందే ట్రిప్పింగులు, నష్టాలు, కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్లు లెక్కగట్టి పెట్టుకో. వ్యవసాయ లోడు ఖరీఫ్‌లో ఒకలా, రబీలో ఒకలా, ఎండాకాలంలో మరోలా ఉంటుంది కాబట్టి, మూడు నెలల ఫలితం చూసి రాష్ట్రమంతటికీ ఆర్డరు ఇవ్వమనేవారి మాట విని సంతకం పెట్టకు.

జనం మన సరఫరాను బట్టి తమ అలవాట్లు మార్చుకుంటారన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి. విడతలవారీ సరఫరా ఉన్న రోజుల్లో, అర్ధరాత్రి కరెంటు వచ్చినా మోటారు తానే నడిచేలా రైతులు ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. సరఫరా రాగానే ఫీడర్ మీద మోటార్లన్నీ ఒక్కసారిగా స్టార్టయి, మామూలుకు ఎన్నో రెట్ల కరెంటు లాగేవి. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలైనప్పుడు అవే స్టార్టర్లు భూగర్భజలాలను అవసరం లేకుండా తోడేసే ప్రమాదం వచ్చింది, వాటిని తీసేయమని ఊరూరా ప్రచారం చేయాల్సి వచ్చింది.

ఖర్చు విషయంలో, ధర వేగంగా పడిపోతున్నవాటినీ, నిలకడగా ఉన్నవాటినీ ఒకే గాటన కట్టవద్దు. 2022లో కేంద్ర సౌర విద్యుత్ సంస్థ సెకీ పిలిచిన పెద్ద బ్యాటరీ టెండరులో మెగావాట్ సామర్థ్యానికి నెలకు దాదాపు 10.8 లక్షల రూపాయల అద్దె పలికింది, ఆ తర్వాత రెండు మూడేళ్లలోనే వేర్వేరు రాష్ట్రాల టెండర్లలో అందులో సగానికన్నా తక్కువకు వచ్చింది. ఇలాంటివాటిని మన ఇంజనీర్లు నడిపి నేర్చుకునేంత చిన్న మోతాదులో ముందు తీసుకుని, మిగతాది విడతలుగా కొనడం మేలు. నష్టాలు తక్కువగా ఉండే ట్రాన్స్‌ఫార్మర్ల విషయంలో అలా ఎదురుచూస్తే, ఆ ఎదురుచూసిన కాలమంతా నష్టాలకు డబ్బు కడుతూనే ఉంటాం.

ప్రజెంటేషన్ ఇచ్చిన కంపెనీని, తమ పరికరం ఐదేళ్లుగా నడుస్తున్న చోటు చెప్పమని అడుగు. అక్కడి పై అధికారితో కాదు, మెయింటెనెన్స్ చూసే ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్)తోనూ స్టోర్స్‌లో ఉన్నవారితోనూ మాట్లాడు. విడిభాగాలు ఎన్నాళ్లకు వస్తున్నాయో వాళ్లే చెప్పగలరు. డేటా మన సొంతమని, ఒప్పందం ముగిసినా, కంపెనీ మూతపడినా ఆ డేటా మనం చదవగలిగే రూపంలో మన సర్వర్‌లో ఉండాలని స్పష్టంగా రాయించు.

చివరగా, పెద్ద పేరు లేనివాటిని చిన్నచూపు చూడవద్దు. పొడవాటి 11 కేవీ లైనులో ఫాల్ట్ వస్తే లైన్‌మన్ వానలో, చీకట్లో, లైనును భాగాలుగా విడదీసే ఒక్కో ఏబీ స్విచ్ తెరుస్తూ, సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి చార్జ్ చేయించి చూసుకుంటూ పోవాలి. ఫాల్ట్ కరెంటు ఏ పాయ వైపు వెళ్లిందో దీపం వెలిగించి చూపే ఫాల్ట్ ప్యాసేజ్ ఇండికేటర్ లైనుకు తగిలిస్తే ఆ వెతుకులాటలో పెద్ద భాగం తప్పుతుంది. ఏ పాయ మొదట్లో తగిలించాలో ఆ సెక్షన్ లైన్‌మన్‌కు తెలిసినంతగా ఏ సాఫ్ట్‌వేర్‌కూ తెలియదు. అతన్ని కమిటీ సమావేశానికి పిలిపించి, కుర్చీ వేసి, మాట్లాడనివ్వు.

వచ్చే నెల కమిటీ ముందు పెట్టబోయే నోటు ముసాయిదా సిద్ధమయ్యాక నాకు పంపు. ముందుగా ఖర్చుల పేజీ, ఆ తర్వాత ఒప్పంద షరతులు చదివి, నాకు తోచినవి మార్జిన్‌లో రాసి పంపుతాను.

ఆశీస్సులతో,
మీ మామయ్య